హెచ్‌ఎంటీ జనతాలో హెయిర్ స్ప్రింగ్ వంగింది: బ్యాలెన్స్ మార్చకుండా సరిచేయొచ్చా?

హిందూపురం_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది హిందూపురం, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్ళి. ఇది మా నాన్న వాచీ. 1984లో పెళ్ళిలో మా అమ్మమ్మ వాళ్ళు అల్లుడికి పెట్టిన హెచ్‌ఎంటీ జనతా. కీ ఇచ్చే రకం, 17 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్ళు). పదేళ్ళుగా ఆగిపోయి బీరువాలో పడి ఉంది. పోయిన దసరాకి ఇంటికెళ్ళినప్పుడు నేను బాగుచేసి తెస్తానని నాన్నకి చెప్పి తీసుకొచ్చాను. ఆరు నెలలుగా పాత అలారం గడియారాలూ, రెండు పాడైన వాచీలూ విప్పి బిగిస్తున్నాను కాబట్టి ఆ ధైర్యం.

శనివారం మూత తీశాను. మూత లోపలివైపు సూదితో గీసినట్టు రెండు చిన్న రాతలున్నాయి. ఒకటి 8-91, రెండోది 3-2003. మిషన్ (లోపలి యంత్రం) మీద నూనె ఎండి గోధుమరంగు జిగురులా ఉంది. బ్యాలెన్స్, అంటే అటూ ఇటూ ఊగే చక్రం, దాన్ని పైనుంచి పట్టి ఉంచే బ్రిడ్జి స్క్రూ తీసి, బ్రిడ్జిని ట్వీజర్‌తో పైకెత్తాను. చక్రం కింది పివట్ (ఇరుసు సన్నటి మొన) ఆ జిగురులో అతుక్కుపోయి రాలేదు. అక్కడ ఆగాల్సింది. ఇంకొంచెం ఎత్తాను. చక్రాన్ని ఊగించే సన్నటి చుట్ల తీగ, అదే హెయిర్ స్ప్రింగ్, బాగా సాగింది, చక్రం టక్కున ఊడి గాల్లో ఊగి పక్క చక్రానికి తగులుకుంది. గుండె జారిపోయింది.

మొత్తం కడిగి మళ్ళీ బిగించాను. నడుస్తోంది, కానీ ఫోన్ టైముతో పోల్చితే గంటకి 9 నిమిషాలు ముందుకు పోతోంది. లూప్‌లో (కంటికి పెట్టుకునే భూతద్దం) చూస్తే స్ప్రింగ్ చుట్లు ఒకవైపు దగ్గరగా, ఇంకోవైపు ఎడంగా ఉన్నాయి. చిక్‌పేటలో ఒక షాపులో అడిగితే ఇంకో వాచీలోంచి బ్యాలెన్స్ తీసి వేసేస్తాం, అరగంట పని అన్నారు. నాన్న చేతి మీద ఇన్నేళ్ళు కొట్టుకున్న బ్యాలెన్సే అందులో ఉండాలని నాకు ఉంది. ఇది చేత్తో సరయ్యే పనేనా?

ఐదు_టిక్కులు

గంటకి 9 నిమిషాలు అన్నారు కదా, సగం జవాబు ఆ అంకెలోనే ఉంది. ఈ మిషన్ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఐదు టిక్కులు. ఆ వేగాన్ని నిర్ణయించేవి బ్యాలెన్స్ చక్రం, దాని హెయిర్ స్ప్రింగ్. చక్రం మారలేదు. స్ప్రింగ్ పొడవు తగ్గితే గట్టిదనం పెరుగుతుంది, వాచీ పరుగెడుతుంది. లెక్క వేస్తే, 60 నిమిషాల్లో 69 చూపిస్తోంది కాబట్టి వేగం 1.15 రెట్లు. దాన్ని వర్గం చేస్తే 1.32. గట్టిదనం అంత పెరిగిందంటే మీ స్ప్రింగ్‌లో దాదాపు పావు వంతు పొడవు పనిచేయడం లేదన్నమాట. స్ప్రింగ్ తెగలేదు కాబట్టి చుట్లు ఒకదానికొకటి తగిలైనా ఉండాలి, అంటుకునైనా ఉండాలి. అవి విడిపోతే టైము దానంతటదే దారిలోకి వస్తుంది. రెగ్యులేటర్ లివర్‌ని మాత్రం ఇప్పుడు తిప్పకండి. అది రోజుకి కొన్ని సెకన్ల తేడా సరిచేయడానికి.

లూప్‌లో_లోకం

తమ్ముడూ, స్ప్రింగ్‌ని ట్వీజర్‌తో ముట్టుకునే ముందు ఇంకో రెండు అనుమానాలు తీర్చుకో. వంగిన స్ప్రింగ్‌కే కాదు, అయస్కాంతం పట్టిన స్ప్రింగ్‌కీ, నూనె అంటిన స్ప్రింగ్‌కీ ఇవే లక్షణాలు. మూడింటిలోనూ చుట్లు అతుక్కుంటాయి, వాచీ పరుగెడుతుంది. మీ కేసులో వంపు ఉందని ఒప్పుకుంటాను, కానీ మిగతా రెండూ కూడా కలిసి ఉండొచ్చు.

చిన్న దిక్సూచి ఒకటి తెచ్చుకుని నడుస్తున్న వాచీ పక్కన పెట్టు. బ్యాలెన్స్ ఊగుతుంటే ముల్లు కూడా సన్నగా వణికితే అయస్కాంతం పట్టినట్టే. నేను ఒక సంవత్సరం పాటు నా వాచీని రోజూ రాత్రి బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టి పడుకునేదాన్ని. అది ఎందుకు పరుగెడుతోందో తెలియక రెండుసార్లు సర్వీసింగ్ చేయించాను. ఆన్‌లైన్‌లో దొరికే నీలం రంగు డీమాగ్నెటైజర్ చాలు. బటన్ నొక్కి పట్టుకుని, వాచీని దాని మీద నుంచి మెల్లగా చేయి చాచినంత దూరం తీసుకెళ్ళాక బటన్ వదలాలి. మీదే ఉండగా వదిలేస్తే మళ్ళీ పడుతుంది.

తర్వాత బ్యాలెన్స్‌ని బ్రిడ్జితో సహా లైటర్ ఫ్లూయిడ్‌లో ఒక నిమిషం ఉంచి, టిష్యూ మీద ఆరనివ్వు. నోటితో ఊదకు, తేమ పడుతుంది. కెమెరా వాళ్ళు వాడే రబ్బరు బ్లోయర్ వాడు. స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ వద్దు. బ్యాలెన్స్ కింద ఉండే ఎర్రటి రాయిని, ప్యాలెట్ ఫోర్క్ (బ్యాలెన్స్ పక్కన టిక్కుటిక్కుమని ఊగే చిన్న మీట) రెండు రాళ్ళని పట్టి ఉంచేది లక్క. మన పక్కనే చెన్నపట్న బొమ్మలకి పట్టించే లక్కే ఇక్కడా పనిచేస్తోంది. అది స్పిరిట్‌లో కరుగుతుంది, పెట్రోల్ జాతి ద్రవాల్లో కరగదు.

హిందూపురం_కుర్రోడు

అక్కా, మీరు చెప్పింది నిజమే. ముల్లు వణికింది. డీమాగ్నెటైజ్ చేసి లైటర్ ఫ్లూయిడ్‌లో కడిగాక గంటకి 9 నిమిషాల నుంచి 4 నిమిషాలకి వచ్చింది. కానీ వంపు ఉంది. పక్క నుంచి చూస్తే స్ప్రింగ్ చదునుగా లేదు, ఒకవైపు చక్రం ఆకు మీదకి వాలింది. పై నుంచి చూస్తే బయటి నుంచి మూడో చుట్టు నాలుగోదానికి ఆనుకుని ఉంది. ఇక ట్వీజర్ పట్టక తప్పదనుకుంటాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పాత_మిషన్

బాబూ, నేను మెజెస్టిక్ దగ్గర 36 ఏళ్ళు బల్ల మీద కూర్చుని వాచీలు చేశాను. ఇప్పుడు చూపు ఆనక మానేశాను. హెయిర్ స్ప్రింగ్ నేను సరిచేసినవాటికి లెక్కలేదు, మొదటి రెండేళ్ళలో పాడుచేసినవాటికీ లెక్కలేదు. అందుకే నిదానంగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

మొట్టమొదట వాచీలో పవర్ దించు. కీ ని వేళ్ళతో గట్టిగా పట్టుకుని, క్లిక్‌ని (కీ వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కెం) పుల్లతో పక్కకి నెట్టి, కీ ని వేళ్ళ మధ్య నుంచి కొద్దికొద్దిగా జారనివ్వు. మెయిన్ స్ప్రింగ్‌లో (కీ ఇస్తే బిగిసే పెద్ద స్ప్రింగ్) బలం ఉండగా ప్యాలెట్ ఫోర్క్ తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్ళు పోతాయి.

స్ప్రింగ్ బ్రిడ్జికి వేలాడుతుండగా సరిచేయాలని చూడొద్దు. స్ప్రింగ్ బయటి చివరని బ్రిడ్జికి పట్టి ఉంచే స్టడ్ స్క్రూ వదులు చేసి, రెగ్యులేటర్ పిన్నుల మధ్య నుంచి స్ప్రింగ్‌ని తప్పించి, బ్యాలెన్స్‌ని విడిగా తీసుకో. పివట్ కిందకి ఆనకుండా రంధ్రం ఉన్న దిమ్మ మీద పెట్టు. దిమ్మ లేకపోతే పాత మిషన్ ప్లేటే సరిపోతుంది. ముందు ఆ పివట్‌నే చూడు. దాని మందం మిల్లీమీటర్‌లో పదో వంతు, అంటే తల వెంట్రుక కన్నా కాస్త లావు, అంతే. చక్రం ఊడిపడిన దెబ్బకి అది వంగి ఉంటే స్ప్రింగ్ ఎంత సరిచేసినా లాభం లేదు. వంగిందని తేలితే ట్వీజర్‌తో లాగొద్దు. గట్టిపరిచిన ఉక్కు, పుటుక్కున విరుగుతుంది. స్టాఫ్ (చక్రం ఇరుసు) మార్చాలంటే లేత్ మీద పాత రివెట్ తీసేయాలి, కొత్తది కొట్టాలి, చక్రం బరువు సరితూచాలి. అది నీ గదిలో అయ్యే పని కాదు. పివట్ బాగుంటేనే ముందుకి వెళ్ళు.

ఇప్పుడు స్ప్రింగ్. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, వంకర బాగా కనిపించినచోట పట్టుకుంటారు. నువ్వు మూడో చుట్టు నాలుగోదానికి ఆనుకుందన్నావు. అది ఆనుకున్న చోటు, చెడిన చోటు కాదు. మధ్యలో కాలెట్ (స్ప్రింగ్ లోపలి చివరని ఇరుసుకి పట్టి ఉంచే ఉంగరం) దగ్గర మొదలుపెట్టి, చుట్టు వెంట కంటితో బయటికి నడు. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం ఒకేలా ఉన్నంతసేపూ అది మంచి స్ప్రింగ్. ఆ ఎడం మొట్టమొదట ఎక్కడ మారిందో అక్కడ ఆగు. వంపు పుట్టింది అక్కడే. దాని తర్వాత కనిపించే గందరగోళం చాలావరకు దానివల్ల వచ్చిందే. ఆ ఒక్క చోటు సరిచేస్తే మిగతా చుట్లు వాటంతటవే తమ చోటుకి వస్తాయి. చూడకుండా కనిపించిన ప్రతి వంకరనీ సర్దబోతే ఒక వంపు ఐదు వంపులవుతుంది.

రెండు నంబర్ 5 ట్వీజర్లు కావాలి. మొనలు లూప్‌లో చూసుకో, రెండూ ఒకచోట కలవాలి, గరుకు ఉండకూడదు. ఎడమచేతి ట్వీజర్‌తో వంపుకి కాస్త ముందు, మంచి వైపున పట్టుకో. కుడిచేతి ట్వీజర్‌ని వంపుకి అవతల ఉంచి వెంట్రుకవాసి తిప్పు. నొక్కకూడదు, తిప్పాలి. తిప్పి పూర్తిగా వదిలేసి చూడు. స్ప్రింగ్ కదా, కొంత వెనక్కి వస్తుంది. చాలకపోతే మళ్ళీ. ఒకేచోట ముందుకీ వెనక్కీ మూడుసార్లు వంచితే తెగుతుందని గుర్తుపెట్టుకో. నేను ఎప్పుడూ పక్కవాటు వాలినదాన్ని ముందు చదును చేసి, ఆ తర్వాతే చుట్ల ఎడం చూసేవాణ్ణి.

ముందు నాన్న వాచీ మీద చేయొద్దు. ఆదివారం బజారులో చచ్చిన మిషన్లు దొరుకుతాయి. నాలుగైదు తెచ్చి, వాటి స్ప్రింగులు నువ్వే వంచి, నువ్వే సరిచెయ్యి. నువ్వే వంచితే ఎక్కడ వంచావో నీకు తెలుసు. కన్ను అలా తయారవుతుంది.

కంసాలి_ఇంట్లో

మాస్టారు చెప్పిన తీరు చదువుతుంటే మా నాన్నగారి పక్కన కూర్చున్నట్టుంది. మాది నెల్లూరు, నాన్నగారు నగరత్‌పేటలో బంగారం పని చేసేవారు. ఒక సందేహం. మేం తీగ లాగేటప్పుడు గట్టిపడితే కాల్చి మెత్తబరుస్తాం, అప్పుడు చెప్పినట్టు వింటుంది. ఈ స్ప్రింగ్‌ని కూడా వంపు దగ్గర కొద్దిగా వేడి చేస్తే సులువు కాదా? రెండో మాట, ప్రయత్నించడం మంచిదే గానీ, సరికాకపోతే వేరే బ్యాలెన్స్ వేయడంలో తప్పేమీ లేదు. నడవని వాచీ కన్నా నడిచే వాచీ నాన్నకి సంతోషం.

పాత_మిషన్

రెండో మాటకి ఒప్పుకుంటాను. మొదటిదానికి మాత్రం గట్టిగా వద్దంటున్నాను. బంగారం తీగకి మెత్తదనం కావాలి, దీనికి కావలసింది తిరిగి వచ్చే గుణం. వేడి తగిలితే ఆ గుణం పోతుంది. చూడటానికి తిన్నగా ఉంటుంది గానీ టైము నిలవదు.

బ్యాలెన్స్ మార్చాల్సి వస్తే చక్రం, స్టాఫ్, స్ప్రింగ్ మూడూ కలిపి ఒకే సెట్టుగా మార్చాలి. ఒక చక్రానికి ఒక స్ప్రింగ్‌ని జతకట్టి, పొడవు సరిచూసి బిగిస్తారు. దీని స్ప్రింగ్ దానికి వేస్తే కుదరదు.

ఐదు_టిక్కులు

మాస్టారి మాటకి వెనక పెద్ద కథే ఉంది. 1675లో హైగెన్స్ వాచీలో ఈ చుట్ల స్ప్రింగ్ పెట్టించాడు. అప్పటి నుంచి రెండువందల ఏళ్ళకి పైగా గడియారాల వాళ్ళని ఏడిపించింది వేడే. ఉక్కు స్ప్రింగ్ ఎండలో కాస్త మెత్తబడి వాచీ వెనకబడేది, చలిలో ముందుకు పోయేది. స్విట్జర్లాండ్‌లో గడియారాల వాళ్ళ ఇంట్లో పుట్టిన షార్ల్ ఎడ్వార్ గియోం నికెల్ కలిపిన ఉక్కు మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఇన్వార్, ఎలిన్వార్ అనే మిశ్రమాలు తెచ్చాడు. ఎలిన్వార్ గట్టిదనం మామూలు వేడికి దాదాపు మారదు. ఆ పనికే ఆయనకి 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తర్వాతి కాలపు హెయిర్ స్ప్రింగులు చాలావరకు ఆ కుటుంబానివే. రాయలసీమ మే నెల ఎండలో నాన్న వాచీ టైము తప్పకపోవడానికి కారణం అది. దాన్ని లైటర్ మంట మీద పెట్టకండి, దయచేసి.

తుమకూరు_రోడ్డు

షాపుకి ఇచ్చేవాళ్ళ కోసం ఒక మాట. మా పెదనాన్న హెచ్‌ఎంటీ పైలట్‌ని ఇక్కడే ఒక షాపులో సర్వీసింగ్‌కి ఇచ్చాను. తిరిగొచ్చాక బాగానే నడిచింది. ఏడాది తర్వాత తెలిసినవాళ్ళు మూత తీసి చూస్తే బ్యాలెన్స్ వేరే, రెండు స్క్రూలు వేరే, ఒక బ్రిడ్జి మీద కొత్త గీతలు. అడిగితే మీరు ఇచ్చినప్పుడే అలా ఉందన్నారు. నా దగ్గర రుజువు లేదు. ఆ రోజు ఎంత బాధపడ్డానో చెప్పలేను. ఇచ్చే ముందు మూత తీయించి, మీ ఎదురుగానే మిషన్ ఫోటో తీసుకోండి. నిజాయితీగా పనిచేసేవాళ్ళు దానికి ఏమీ అనుకోరు.

పాత_మిషన్

నిజం. నేను కూడా అదే చెప్పేవాణ్ణి, ఫోటో తీసుకోండి అని. ఇప్పుడు అది ఇంకా ముఖ్యం. 1961లో సిటిజెన్ వాళ్ళతో కలిసి జాలహళ్ళిలో మొదలైన వాచీల కార్ఖానా పని ఎప్పుడో ఆగింది, 2016లో హెచ్‌ఎంటీ వాచెస్‌ని మూసేయాలని కేంద్రం తీర్మానించింది. కొత్త విడిభాగాలు తయారుకావడం లేదు. దొరికేది పాత స్టాకు, లేకపోతే చచ్చిన వాచీల్లోంచి తీసినది. మంచి బ్యాలెన్స్ ఒకటి ఉన్నా దాని విలువ తెలిసినవాళ్ళకే తెలుసు.

హిందూపురం_కుర్రోడు

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. మాస్టారు చెప్పినట్టు చిక్‌పేట ఆదివారం బజారుకి పొద్దున్నే వెళ్ళి ఐదు చచ్చిన మిషన్లు తెచ్చాను.

మొదటిది వేలు వణికి తెంపేశాను. రెండోది ఒక వంపుని నాలుగు చేసి వదిలేశాను. మూడోదాంట్లో ట్వీజర్ మొన చుట్ల మధ్య ఇరుక్కుని, బయటికి తీస్తుంటే మొత్తం సాగిపోయింది. ఆ రాత్రి నాకు అర్థమైంది, తప్పు చేతిలో లేదు, తొందరలో ఉంది. నాలుగోదానికి ట్వీజర్ పట్టకుండా ఇరవై నిమిషాలు ఊరికే చూశాను. కాలెట్ దగ్గర నుంచి ఒక్కో చుట్టూ. ఆరో చుట్టులో ఎడం మారింది. అక్కడ రెండుసార్లు తిప్పాను, బయటి చుట్లన్నీ కదిలి వచ్చి వరుసలో నిలబడ్డాయి. లూప్ తీసి కాసేపు కళ్ళు మూసుకున్నాను. ఐదోది కూడా వచ్చింది.

నాన్న వాచీ నిన్న రాత్రి చేశాను. ఫ్యాన్ ఆపేశాను, ఎందుకంటే గాలికి చుట్లు ఊగుతాయి. ఒళ్ళో తెల్ల దుప్పటి పరుచుకున్నాను. పివట్లు రెండూ తిన్నగానే ఉన్నాయి. వంపు పుట్టింది నేననుకున్న మూడో చుట్టులో కాదు, మాస్టారన్నట్టు చాలా లోపల, కాలెట్ నుంచి రెండో చుట్టులో. పక్కవాటు చదును చేయడానికి నాలుగు తిప్పులు, ఎడానికి మూడు. రెండు గంటలు పట్టింది.

ఆ తర్వాత ఒక గండం. పైన రాయికి నూనె వేద్దామని షాక్ స్ప్రింగ్ (ఆ రాయిని పట్టి ఉంచే బుల్లి స్ప్రింగ్) తీస్తుంటే అది ఎగిరిపోయింది. నలుసంత ఉంటుంది. దుప్పటి మీద లేదు. లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చ్‌ని నేల మీద అడ్డంగా పెట్టి చూస్తే ప్రతి ధూళి కణానికీ పొడవాటి నీడ పడింది. మంచం కోడు దగ్గర ఒక నీడ మాత్రం మెరిసింది. అదే.

ఇప్పుడు నూనె ఎంత వేయాలి? ఎక్కువైతే మళ్ళీ స్ప్రింగ్‌కి అంటుతుందని టెన్షన్‌గా ఉంది.

లూప్‌లో_లోకం

చాలా సంతోషం తమ్ముడూ! నూనె భయం మంచిదే. బ్యాలెన్స్ రాళ్ళకి మోబియస్ 9010 లాంటి పల్చటి సింథటిక్ నూనె. రాయి చదునువైపు మధ్యలో ఒక చుక్క. అది రాయి వెడల్పులో సగం కన్నా కాస్త ఎక్కువ పరుచుకోవాలి, అంచుకి చేరకూడదు. మెల్లగా, బలంగా తిరిగే చక్రాల పివట్లకి చిక్కటి నూనె. ప్యాలెట్ ఫోర్క్ పివట్లకి అసలు వేయకు, పొడిగా ఉండాలి. హెయిర్ స్ప్రింగ్‌కి ఎప్పుడూ వద్దు. ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉందని వాడకు, పాకి ఆరిపోతుంది, మళ్ళీ నీకు కనిపించిన గోధుమరంగు జిగురే.

మల్లేశ్వరం రాగలిగితే రా, నా దగ్గర టైమ్‌గ్రాఫర్ (టిక్కులు విని వాచీ వేగం చూపించే యంత్రం) ఉంది. ఇంట్లో మా అత్తయ్య కూడా ఉంటారు, మొహమాటపడకు.

హిందూపురం_కుర్రోడు

అక్క వాళ్ళింటికి వెళ్ళొచ్చాను. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉంచితే యాంప్లిట్యూడ్ (చక్రం ఊగే కోణం) 265 డిగ్రీలు, రోజుకి 22 సెకన్లు ముందు, బీట్ ఎర్రర్ (అటు ఊపుకీ ఇటు ఊపుకీ పట్టే సమయంలో తేడా) 1.2 మిల్లీసెకన్లు. కీ కిందకి ఉండేలా నిలబెడితే యాంప్లిట్యూడ్ 230, రోజుకి 15 సెకన్లు వెనక. తెరమీద రెండు గీతలు దాదాపు కలిసి నడుస్తుంటే అత్తయ్యగారు కాఫీ పట్టుకొచ్చి ఇది మనిషి ఈసీజీలా ఉందే అన్నారు.

మాస్టారూ, ఆ 1.2ని, నిలబెట్టినప్పటి తేడాని కూడా సరిచేయమంటారా?

పాత_మిషన్

వద్దు. బీట్ సరిచేయాలంటే కాలెట్‌ని స్టాఫ్ మీద తిప్పాలి, అంటే ఇప్పుడే కుదుటపడిన స్ప్రింగ్ దగ్గరికి మళ్ళీ మొన తీసుకెళ్ళాలి. నిలబెట్టినప్పటి తేడా చక్రం బరువు తూకంలో ఉంటుంది, దాన్నీ కదిలించకు. చేతికి పెట్టుకుంటే వాచీ అన్ని దిక్కులా తిరుగుతుంది, ముందూ వెనకా కలిసి చాలావరకు సర్దుకుంటుంది. వారం రోజులు నువ్వే పెట్టుకుని రాసుకో. అప్పుడు కూడా ముందుంటే రెగ్యులేటర్‌ని వెంట్రుకవాసి జరుపు. ఇంత వయసు మిషన్‌కి 265 అంటే ఎక్కడా తగలకుండా హాయిగా ఊగుతోందని. నా బల్ల మీదకి ఇలా వచ్చి ఉంటే నేను మూత వేసేవాణ్ణి.

మూత లోపల రాతల గురించి చెప్పావు కదా మొదట్లో. అవి మా తరం అలవాటు. సర్వీసింగ్ చేసిన నెల, సంవత్సరం గీసేవాళ్ళం, తర్వాత తెరిచేవాడికి తెలియాలని. నువ్వూ గియ్యి. కొత్త సూది, తేలికగా, పాత రాతల కింద.

హిందూపురం_కుర్రోడు

వారం పెట్టుకున్నాను మాస్టారూ. ఏడు రోజులకి కలిపి 50 సెకన్లు ముందు. రెగ్యులేటర్ ముట్టుకోలేదు.

మూత వేసే ముందు గీశాను. రెండుసార్లు కాగితం మీద రాసి చూసుకుని, 3-2003 కింద నెల, సంవత్సరం. మొదటి అంకె కొంచెం వంకర వచ్చింది, దిద్దలేదు. శుక్రవారం రాత్రి బస్సుకి హిందూపురం వెళ్తున్నాను.